నూటపదహారు యూరోల టిప్పు

యూరప్‌లో ఎవరికెంత టిప్పు ఇవ్వాలో చెప్పి ఇరవై ఆరేళ్ళు అన్నం తిన్నాను. నేను పుట్టి పెరిగిన సింగపూర్‌లో మాత్రం ఇంతవరకూ ఎవరికీ టిప్పు ఇచ్చిన పాపాన పోలేదు. ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి కొట్ల ప్రాంగణంలో, తిన్న ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, పెట్టకపోతే జరిమానా. రెస్టారెంటులో అయితే బిల్లు కింద ప్లస్ ప్లస్ అని రెండు గుర్తులు వేసి, సేవకింత, ప్రభుత్వానికింత అని వాళ్ళే లాగేసుకుంటారు. మనం బుర్ర పెట్టాల్సిన పనే లేదు. అలాంటి ఊరి జనాన్ని విమానమెక్కించి, ఎంత ఇవ్వాలో ఎవరూ రాసిపెట్టని దేశాల్లో దింపడం నా ఉద్యోగం.

నా పేరు కాంతమ్మ. మా తాత విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో పనికి కుదిరాడు. నేను బెడోక్‌లో పుట్టాను, బెడోక్‌లోనే ఉన్నాను. సింగపూర్‌లోని తెలుగువాళ్ళని, అంటే బ్యాంకుల్లో, కంప్యూటర్లలో పనిచేసే మన ఆంధ్రా, తెలంగాణ కుటుంబాలని, పదేసి రోజులు యూరప్ తిప్పుకొచ్చే టూరు మేనేజరుగా పనిచేశాను. ఈ మధ్య మా ఆఫీసులో ఇద్దరు తెలుగమ్మాయిలు చేరారు. "ఆంటీ, జాబ్ గురించి ఏమైనా చెప్పండి" అన్నారు. ఫైళ్ళ సంగతి ఆఫీసులో ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, అది టిప్పు. నేను ఉద్యోగం మానేయడానికి కారణం కూడా అదే కాబట్టి, అమ్మాయిలూ, కాస్త ఓపిగ్గా చదవండి.

అర యూరో దుఃఖం

ప్రయాణానికి వారం ముందు అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెబుతాం. చలికోట్లు, పాస్‌పోర్టులు, జేబుదొంగలు, అన్నిటికీ తలలూపుతారు. టిప్పు అనే మాట రాగానే హాలంతా లేచి కూర్చుంటుంది.

"టెన్ పర్సెంట్ అంటే ట్యాక్స్ ముందా, ట్యాక్స్ తర్వాతా ఆంటీ?"

"సర్వీస్ నచ్చకపోతే జీరో ఇవ్వొచ్చా?"

"పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలా? మావాడు సగం దారి నిద్రే పోతాడు."

నేను చెప్పాల్సింది చెప్పేదాన్ని. ఫ్రాన్సులో సేవ రుసుము బిల్లులోనే ఉంటుంది, నచ్చితే నాలుగు చిల్లర నాణేలు బల్ల మీద పెట్టండి. జర్మనీలో బల్ల మీద వదిలేసి రాకండి. డబ్బులిచ్చేటప్పుడే, పద్దెనిమిది అయితే ఇరవై తీసుకోమని నోటితో చెప్పండి. ఇటలీలో రొట్టెకీ కుర్చీకీ కలిపి మనిషికింత అని వేస్తారు, అది టిప్పు కాదు, దాని మీద పోట్లాడకండి. దారి మధ్యలో మరుగుదొడ్డికి అర యూరో నుంచి యూరో దాకా అవుతుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి.

చివరి మాట దగ్గర ఎప్పుడూ గొడవే. రెండు ఖరీదైన కాండో ఫ్లాట్లున్న ఒక పెద్దమనిషి అర యూరో ఇవ్వడం ఇష్టంలేక ఆస్ట్రియా సరిహద్దు నుంచి వెనిస్ దాకా బిగబట్టుకుని కూర్చున్నాడు. మొహం కందగడ్డ అయింది. మధ్యలో ఆయన భార్య, "వెళ్ళిరండీ, నేనిస్తా" అంటే, "ఇది ప్రిన్సిపుల్ మాధవీ" అన్నాడు. ఆ ప్రిన్సిపుల్ వెనిస్‌లో బస్సు ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తింది.

ఇంకొక బృందం పారిస్‌లో కాఫీ హోటలు ముందు బల్లలన్నిటి మీదా టిష్యూ ప్యాకెట్లు పెట్టి ఫోటోలు దిగడానికి వెళ్ళింది. మన దగ్గర టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ బల్ల మనది, దాన్నే ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు. ఆ వెయిటరు అది టిప్పు అనుకున్నాడో చెత్త అనుకున్నాడో గానీ, అన్నీ పళ్ళెంలోకి ఎత్తి లోపలికి తీసుకుపోయాడు. మనవాళ్ళు తిరిగొచ్చి, "మా సీట్లు!" అని వాడి మీద పడ్డారు. వాడు ఫ్రెంచిలో, వీళ్ళు తెలుగులో, మధ్యలో నేను. అలమాక్! అలాంటప్పుడు నాకు మా అమ్మ వాడే, అయ్యో లాంటి మలయ్ మాటే నోట్లోకి వస్తుంది.

మీరు వీళ్ళని పిసినారులనుకుంటే పొరపాటు. ఆ వెనిస్ పెద్దమనిషే సాయంత్రం బృందం మొత్తానికి ఐస్‌క్రీములు కొనిపెట్టాడు. మనవాళ్ళకి డబ్బు పోతుందన్న బాధ తక్కువ. తెలియక ఎక్కువ ఇచ్చేశామేమో, పక్కవాడు తక్కువలో బయటపడ్డాడేమో, మనం వెర్రివాళ్ళమయ్యామేమో, ఆ బాధే ఎక్కువ. ఇది తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. మీకు ఊరికే చెబుతున్నాను.

తెల్ల కవరు

నా మొదటి బాస్ లిమ్ గారు. ఏజెన్సీ పెట్టినాయన. కాలిక్యులేటరు నమ్మకుండా వేళ్ళ మీద లెక్కేసేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పని ఇంకెక్కడా నేర్చుకోలేదు, ఆయన చేత తిన్నన్ని తిట్లు కూడా ఇంకెక్కడా తినలేదు.

టూరు చివరి రోజున డ్రైవరుకి బృందం తరఫున ఒక కవరు ఇవ్వాలి. పదిరోజులు మన ప్రాణాలు చేతిలో పెట్టుకుని నడిపినవాడు, ఆ కవరు అతని ఇంటి ఖర్చుల్లో ఒక భాగం. నా రెండో టూరుకే కవరు ఇచ్చే పని నా మీద పడింది. మా నాన్న శుభకార్యాలకి చదివించేది గుర్తొచ్చి, స్విట్జర్లాండులో ఒక తెల్ల కవరు కొని అందులో నూటపదహారు ఫ్రాంకులు పెట్టి ఇచ్చాను. అప్పట్లో బృందాలు చిన్నవి, అది మంచి మొత్తమే.

తిరిగొచ్చాక, కవరు ఇస్తుండగా తీసిన ఫోటో చూసి లిమ్ గారు కుర్చీలోంచి లేచారు. "తెల్ల కవరా? మా చైనావాళ్ళల్లో తెల్ల కవరు చావుకిస్తారు! అతను చచ్చిపోవాలని కోరుకున్నావా?"

"మా వాళ్ళల్లో నూటపదహార్లు శుభం సార్."

"మీ శుభం లోపల పెట్టి మా చావు పైన అంటించావు లా!" అన్నారు. మాట చివర ఊరికే "లా" తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

ఆ రోజు నుంచి మా ఏజెన్సీ డ్రైవర్ల కవర్లు ఎర్రవి. లోపలి మొత్తం సంగతి మాత్రం ఆయన నాకే వదిలేశారు. అలిగి వదిలేశారు, కానీ వదిలేశారు.

ఆ మొదటి కవరు అందుకున్న డ్రైవరు పేరు యాంకో. స్లోవేనియా మనిషి, అప్పటికి ముప్ఫై దాటినవాడు, మాట తక్కువ. కవరు విప్పి లెక్కపెట్టి, "పదహారెందుకు మేడమ్ కాంతా?" అన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. సున్నాతో ఆపేస్తే మన సంబంధం అక్కడితో అయిపోయినట్టు, పైన కొంత వేస్తే ఇంకా ఉన్నట్టు అని మా నాన్న చెప్పేవాడన్నాను. యాంకో ఆలోచించి, అందులోంచి ఒక ఫ్రాంకు నాణెం తీసి బస్సులో స్టీరింగు ముందు అద్దం దగ్గర అంటించాడు. "అయితే మీరు మళ్ళీ రావాలి" అన్నాడు.

మళ్ళీ వెళ్ళాను. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో యాంకో బస్సే. బస్సులు మారాయి గానీ ఆ నాణెం మాత్రం ఒక బస్సులోంచి ఇంకో బస్సులోకి మారుతూ వచ్చింది. మంచులో దారి మూసుకుపోతే ఎన్నిసార్లు గట్టెక్కించాడో నాకే గుర్తులేదు. అతని గురించి చెప్పడానికి పెద్ద కథలేం లేవు. టైముకి వస్తాడు, జాగ్రత్తగా నడుపుతాడు, నవ్వమంటే నవ్వడు. డ్రైవరు రోడ్డు చూడాలి గానీ నవ్వుతూ వెనక్కి చూడకూడదు కదా!

ఫారం

ఇక అసలు సంగతి. నా ఆఖరి టూరు. అది ఆఖరిదని అప్పటికి నాకు తెలియదు.

ఇరవై ఎనిమిది మంది, పదిరోజులు. వాళ్ళలో శ్రీకాంత్ అనే అబ్బాయి ఉన్నాడు. చోవా చూ కాంగ్‌లో ఫ్లాటు, బ్యాంకులో రిస్కు విభాగం. ప్రయాణంలో ఎవరికీ చెడు చేయడు, కానీ దేన్నీ ఊరికే వదలడు. ఏ హోటల్లో అల్పాహారానికి ఎన్ని రకాలో రాసుకునేవాడు. తెనాలి నుంచి చూడవచ్చిన అత్తగారు రాజ్యలక్ష్మిగారిని కూడా వెంట తెచ్చాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అయినా అన్నీ చూడాలని సరదా.

మా కరపత్రంలో ఒక వాక్యం ఉంటుంది: డ్రైవరుకి మనిషికి రోజుకి రెండు యూరోలు ఇవ్వడం ఆనవాయితీ, నిర్బంధం లేదు. ఎనిమిదో రోజు పొద్దున టిఫిను దగ్గర శ్రీకాంత్ ఆ వాక్యాన్ని ఫోనులో పెద్దది చేసి అందరికీ చూపించాడు.

"ఐదొందల అరవై అవుతుంది గైస్. టూ మచ్ కదా? నిర్బంధం లేదని వాళ్ళే అంటున్నారు. టూర్ మొత్తానికి పర్ హెడ్ ఫోర్ యూరోస్ అనుకుందాం."

"కానీ మరీ తక్కువిస్తే బాగుండదేమో" అన్నారెవరో.

"ఊరికే తక్కువ ఇవ్వం. పర్ఫార్మెన్స్ బట్టి ఇస్తాం. మా ఆఫీసులో బోనస్ కూడా అంతే."

మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోకి ఒక ఫారం వచ్చింది. డ్రైవరు నవ్వుతాడా? ఏసీ సరిపోయిందా? సామాను మోశాడా? మాట్లాడతాడా? చూడాల్సిన చోట్ల గురించి చెబుతాడా? ఒక్కోదానికి ఐదు మార్కులు. సగటు రెండున్నర దాటితే కరపత్రంలో రాసింది సగం, దాటకపోతే ఐదో వంతు. ఐదొందల అరవైలో ఐదో వంతు నూటపన్నెండు. ఇరవై ఎనిమిది మంది, తలకి నాలుగు యూరోలు, నూటపన్నెండు. ముందు మొత్తం నిర్ణయించుకుని, దానికి సరిపోయే మనిషిని తర్వాత తయారు చేశారు.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. అదీ నా తప్పే. సగటు రెండూ పాయింటు ఒకటి వచ్చింది. నూటపన్నెండు పోగయ్యాక వెనక సీట్లోంచి ఒకాయన, "ఇంకో నాలుగు వేస్తే నూటపదహార్లు, శుభం!" అన్నాడు. శ్రీకాంత్ వెంటనే జేబులోంచి నాలుగు యూరోలు తీసి వేశాడు. బస్సంతా చప్పట్లు. ఇరవై ఎనిమిది మంది పదిరోజుల టిప్పుని కోసి కోసి, దాని మీద పసుపు కుంకుమ చల్లారన్నమాట.

విమానాశ్రయంలో నేను ఎర్ర కవరు అందిస్తే యాంకో విప్పి చూశాడు. బృందం ఎంత పెద్దదో అతనికి తెలుసు. అయినా మొహం విప్పారింది. "నూటపదహారు! అయితే మళ్ళీ వస్తారు" అన్నాడు. నేను తల దించుకుని బ్యాగు జిప్పు సర్దుకున్నాను.

లోపల కొనుగోళ్ళ మీద పన్ను వాపసు తీసుకునే వరుసలో మావాళ్ళు పదిహేను మంది నన్ను పిలుస్తున్నారు. శ్రీకాంత్ పక్కకొచ్చి ఫోను చూపించాడు. "ఆంటీ, ఫీడ్‌బ్యాక్ మీ ఆఫీస్‌కి పంపుతున్నా. ఇక్కడ ఒక్క టిక్ పెట్టండి, ఫార్మాలిటీ." టూరు మేనేజరు పరిశీలించి అంగీకరించారు, అని ఉంది. ఒక చేత్తో ఎవరిదో రసీదు పట్టుకుని రెండో చేత్తో టిక్ పెట్టేశాను. చదవకుండా కాదు, చదివే పెట్టాను. పోనీలే, ఎవరు చూస్తారు అనుకున్నాను.

ఎవరు చూశారు

లిమ్ గారు పోయాక ఏజెన్సీని వాళ్ళబ్బాయి కెవిన్ చూసుకుంటున్నాడు. మంచివాడే, కొత్తవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం నాకిస్తానని అప్పటికే అన్నాడు. తండ్రి వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు, కొడుకు తెర మీద రంగుల గీతలు చూసి లెక్కపెడతాడు. శ్రీకాంత్ ఫారం చూసి మురిసిపోయాడు. "ఇదీ డేటా అంటే! ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిదిమందీ నింపారు!" అని, బస్సులిచ్చే యూరప్ కంపెనీకి యథాతథంగా పంపించేశాడు. కింద నా అంగీకారం కూడా ఉంది.

మూడువారాల తర్వాత యాంకో నుంచి నాకు ఫోనులో సందేశం వచ్చింది. వచ్చే సీజను నుంచి ఆసియా బృందాల బస్సులు ఇవ్వడం లేదని కంపెనీ చెప్పిందట. ఆ బస్సులు పోతే ఏడాదిలో సగం పని పోయినట్టే. పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది. చివర ఒక్క వాక్యం: "మేడమ్ కాంతా, నేనేం తప్పు చేశాను?"

మళ్ళీ మళ్ళీ చదివాను.

పరుగున కెవిన్ దగ్గరికి వెళ్ళాను. "అది డ్రైవరు తప్పు కాదు, టిప్పు తగ్గించుకోవడానికి వేసిన మార్కులు" అని చెప్పాను.

"అలా నేనెలా చెప్పగలను ఆంటీ? కస్టమర్లు ఇచ్చిన మార్కులు లా. వాళ్ళే మార్చుకుంటే కొత్త సగటు పంపిస్తాను" అన్నాడు.

సరే అని ఆదివారం చోవా చూ కాంగ్ రైలెక్కాను. బెడోక్ నుంచి అది ఈ కొస నుంచి ఆ కొస. దారి పొడుగునా శ్రీకాంత్‌ని ఏమని కడిగెయ్యాలో తయారు చేసుకుంటూ వెళ్ళాను. నా గురించి మాత్రం ఒక్క స్టేషను దూరం కూడా ఆలోచించలేదు.

చెక్క పీట

శ్రీకాంత్ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. సంగతంతా విని నిజంగానే నొచ్చుకున్నాడు.

"అయ్యో, జాబ్ మీదకి వస్తుందని తెలీదు ఆంటీ. ఒక పని చేద్దాం, ఆయనకి నేను త్రీ హండ్రెడ్ యూరోస్ ట్రాన్స్‌ఫర్ చేస్తా. ఇప్పుడే చేస్తా."

"డబ్బు కాదు బాబూ, ఆ మార్కులు మార్చండి."

"అది మాత్రం కుదరదు ఆంటీ. సబ్మిట్ అయిన డేటా మార్చడం ఇంటెగ్రిటీ ఇష్యూ. మా ఫీల్డులో అలా చేస్తే జాబే పోతుంది."

"మీ ఫీల్డులో చేస్తే మీ ఉద్యోగం పోతుందేమో. ఇక్కడ చెయ్యకపోతే ఆయనది పోతోంది!" అన్నాను. నా గొంతు లేచింది.

ఆ కేకకి లోపల్నుంచి రాజ్యలక్ష్మిగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. "ఏంటి కాంతమ్మగారూ, ఎవరి ఉద్యోగం?"

చెప్పాను. ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. తర్వాత అల్లుడి వైపు చూశారు.

"నేను కూడా వేశానా మార్కులు?"

"మీ తరఫున నేనే ఫిల్ చేశా అత్తయ్యా. మీకు ఫోన్లో కష్టమని."

"ఎంత వేశారు బాబూ?"

శ్రీకాంత్ నసిగాడు. "టూ."

"రెండా?" ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. "బస్సు మొదటి మెట్టు ఎత్తుగా ఉండి మొదటి రోజు నేనెక్కలేకపోయాను. మీరందరూ ఫోటోల హడావుడిలో ఉన్నారు. రెండో రోజు పొద్దునకల్లా ఆయన ఒక చెక్క పీట చేసి తెచ్చాడు. ప్రతి ఆగిన చోటా ఆ పీట దించేవాడు, నేనెక్కాక లోపల పెట్టుకునేవాడు. మిగతా తొమ్మిది రోజులూ అంతే. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్కసారి నవ్వలేదు. మీ ఫారంలో పీట గురించి అడిగారా?"

నాకు కూడా ఆ పీట సంగతి తెలియదు. ఇరవై ఆరేళ్ళ టూరు మేనేజర్ని, పదిరోజులు ఆ తలుపు పక్కనే నిలబడి తలలు లెక్కపెట్టాను.

"నూటపదహార్లంటే ఇంటికి నూటపదహార్లు అనుకుని నేను కూడా చప్పట్లు కొట్టాను" అన్నారావిడ. "తక్కువిస్తే ఇచ్చారు బాబూ, మీ డబ్బు మీ ఇష్టం. తక్కువిచ్చింది కనబడకుండా ఉండడానికి ఆయన్ని చెడ్డవాణ్ణెందుకు చేశారు?"

ఆ మాట నేను రైల్లో గంటసేపు వెతుక్కున్న మాట. భలే అడిగారు అనుకుని నేను కూడా శ్రీకాంత్ వైపు గుర్రుగా చూశాను. అప్పుడావిడ నా వైపు తిరిగారు.

"మీరెంత వేశారు కాంతమ్మగారూ?"

మార్కులు వెయ్యలేదు, అంగీకరించానని టిక్ పెట్టాను అని చెప్పడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాను.

"అయితే అందరివీ మార్చమని అడగడానికి వచ్చేముందు మీది మార్చారా?"

మార్చలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఎందుకు రాలేదో అక్కడ కూర్చున్నాక తెలిసింది. అబద్ధమని తెలిసే టిక్ పెట్టానని నేను ఒప్పుకుంటే, కొత్తవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం నాకిస్తానని కెవిన్ అన్నది పోతుంది. ఇరవై ఎనిమిది మంది ఇళ్ళు తిరిగి వాళ్ళ చేత నిజం చెప్పిస్తే, నేను చెప్పాల్సిన అవసరం ఉండదనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇచ్చిన కాఫీ సగం కూడా తాగలేక వచ్చేశాను.

శ్రీకాంత్ సంగతి కూడా చెప్పాలి. అతను ఇంటెగ్రిటీ నిలుపుకుంటూనే ఒక దారి కనిపెట్టాడు. అత్తగారి మార్కులు ఆవిడవి కావు కాబట్టి సవరణ చట్టబద్ధమే అని, ఆవిడ పేరు మీద ఐదుకి ఐదు వేశాడు. సగటు రెండూ పాయింటు ఒకటి నుంచి రెండూ పాయింటు రెండుకి పెరిగింది. కెవిన్ తెర మీద గీత వెంట్రుకవాసి లేచింది.

నా ఉత్తరం

ఆ రాత్రే బస్సు కంపెనీకి రాశాను. ఆ మార్కులు టిప్పు తగ్గించడానికి వేసినవని, అది నాకు తెలిసే అంగీకరించానని, యాంకోలో నాకు ఏ లోపమూ కనబడలేదని, చెక్క పీట సంగతితో సహా రాసి, కెవిన్‌కి ఒక ప్రతి పంపాను. కెవిన్ కోప్పడలేదు. "ఆంటీ, మీరు చాలా ఏళ్ళు కష్టపడ్డారు, ఇక రెస్ట్ తీసుకోండి" అన్నాడు. మా ఏజెన్సీలో దాన్ని పదవీ విరమణ అంటారు. కేకు కోయించి, ఫోటో తీసి, ఎర్ర కవరు ఇచ్చారు. అందులో ఎంతుందో మీకు చెప్పను గానీ, చివర సున్నా ఉంది.

యాంకోకి ఫోను చేసి నిజం చెప్పాను.

"నవ్వుకి నాకు ఎంత వేశారు?" అన్నాడు.

"రెండు."

"మీరు?"

"నేను మార్కులు వెయ్యలేదు యాంకో. మిగతావాళ్ళు వేసింది నిజమని ఒప్పుకున్నాను."

"అంటే మిగతావాళ్ళు కొంతైనా ఇచ్చారు" అని ఫోను పెట్టేశాడు. అన్యాయంగా ఏమీ అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

కంపెనీ నా ఉత్తరానికి జవాబివ్వలేదు. కానీ ఆ తర్వాతి సీజనులో మీ ఇద్దరిలో ఒకమ్మాయి, స్వప్న, మొదటి టూరు చేసి తిరిగొచ్చి నాకు ఫోను చేసింది. డ్రైవరు పేరు యాంకో అంది.

"ఎలా ఉన్నాడమ్మా?"

"నవ్వడు ఆంటీ. కానీ సూపర్ డ్రైవర్. పెద్దవాళ్ళ కోసం ఒక చెక్క పీట పెడతాడు."

"బస్సులో ముందు అద్దం దగ్గర ఏమైనా నాణెం ఉందా?"

"ఉంది ఆంటీ, పాతది, ఫ్రాంకు. అదేంటని అడిగా. ఇచ్చినావిడ ఇంకా రావాలి అన్నాడు. ఎవరావిడ?"

ఎవరో చెప్పలేదు. ఇప్పుడు చదువుతున్నావు కాబట్టి నీకు తెలిసిపోయింది స్వప్నా.

మీకిద్దరికీ నేను నేర్పాలనుకున్నది ఇంతే. టిప్పు ఎంత ఇవ్వమంటారో అడిగిన ప్రతివాడికీ కరపత్రంలో ఉన్నది చెప్పండి. తక్కువిస్తే ఇవ్వనివ్వండి, దానికి కారణాలు తయారు చేస్తుంటే మాత్రం నవ్వకుండా అడ్డు పడండి. బస్సు తలుపు దగ్గర నిలబడినప్పుడు తలలు లెక్కపెట్టడమే కాదు, కాళ్ళ దగ్గర కూడా చూడండి.

వచ్చే నెల స్వప్న బృందంలో, యాంకో బస్సులోనే, నేనూ వెళ్తున్నాను, డబ్బు కట్టిన ప్రయాణికురాలిగా, వెనక వరస సీట్లో. మోకాళ్ళు నాకూ పట్టేస్తున్నాయి, ఆ పీట లేకపోతే ఎక్కలేను. బ్యాగులో అన్నీ సర్దుకున్నాను. చలికోటు, మాత్రలు, అర యూరో నాణేలు, ఒక ఎర్ర కవరు. నిన్న హాల్లో జాగ్రత్తలు చెబుతూ స్వప్న టిప్పు దగ్గరకి రాగానే, ఇరవై ఆరేళ్ళు ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన నేను చెయ్యెత్తి నిలబడ్డాను.

"యాంకోకి నేనెంత ఇవ్వాలమ్మా?" అని అడిగాను.